ఇంటిస్థలము కొనబోవు ముందు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత వినని ఇల్లు తెలుగునాట ఉండదు. ఈ సామెత పుట్టిన కాలమున ఇంటిస్థలమును గూర్చిన చింత అంతగా లేదని మాకు తోచుచున్నది. దొడ్డి తాతలనాటిది. గోడలు మట్టివి. కట్టవద్దని అడ్డు చెప్పువాడు ఉన్నచో పొరుగింటివాడే. కనుకనే పెద్దలు కట్టుటలోని కష్టమును చెప్పి ఊరకుండిరి గాని, స్థలము కొని చూడుమని మూడవ మాట చేర్చలేదు. నేడు ఆ మాటయు చేర్చవలసి వచ్చినది.

నగరముల అంచున రెండువందల గజముల స్థలము కొనుటకు మధ్యతరగతి గృహస్థు ఏమేమి ఖర్చుపెట్టుచున్నాడో శ్రోతలకు మేము చెప్పనక్కరలేదు. భవిష్యనిధిలోని సొమ్ము, ఊరిలో అమ్మిన అరయెకరము, ఇల్లాలి మెడలోని బంగారము, ఇవి చాలక బ్యాంకు అప్పు. ఇన్నియు ఒక్క దస్తావేజుగా మారి బీరువాలో చేరును. ఆ దస్తావేజులో చెప్పిన నేలమీద ఇల్లు కట్టనియ్యరని తరువాత తెలిసినచో ఆ కుటుంబము మరల లేచి నిలువబడుటకు ఒక తరము పట్టును.

కొనువారు సాధారణముగా ఒక ప్రశ్నను శ్రద్ధగానే అడుగుదురు. "అమ్మువానికి హక్కున్నదా?" అని. అందుకొరకు ముప్పదియేండ్ల లింకు దస్తావేజులు తెప్పింతురు, ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీయింతురు, వకీలుగారికి చూపింతురు. ఇది మంచిపనియే. అయితే రెండవ ప్రశ్న ఒకటి కలదు. "ఈ నేలమీద ఇల్లు కట్టనిత్తురా? కట్టనిచ్చినచో ఎంతమేర?" మొదటి ప్రశ్నకు జవాబు రిజిస్ట్రారు ఆఫీసులోను, రెవిన్యూ రికార్డులలోను ఉండును. రెండవదానికి జవాబు పట్టణ ప్రణాళికాధికారుల వద్ద ఉండును. కొన్ని ఊళ్లలో ఈ రెండు ఆఫీసులకు నడుమ దూరము ఒక వీధి మాత్రమే. అయినను బయానా ఇచ్చులోపల ఆ వీధిని దాటువారు తక్కువ.

రిజిస్ట్రేషను అయినది గదా, ప్రభుత్వమే సుంకము పుచ్చుకొని ముద్ర వేసినది గదా, ఇంకేమి కావలెనని పలువురు అందురు. ఈ ధైర్యమునకు ఆధారము లేదు. రిజిస్ట్రేషను చట్టము 1908 నాటిది. ఇద్దరు మనుష్యుల నడుమ జరిగిన వ్యవహారమును నమోదు చేయుట దాని ముఖ్యోద్దేశము. ప్రభుత్వభూములు, దేవాదాయ భూములు, వక్ఫు భూములు మొదలైనవి చేతులు మారకుండుటకు ఆ చట్టమున 22-ఎ అను సెక్షను కలదు. నిషేధపు జాబితాలో సర్వే నెంబరున్నచో రిజిస్ట్రారు దస్తావేజును తిరస్కరించును. జాబితాలో లేనిచో నమోదు చేయును. అంతమాత్రమున ఆ నేలమీద కట్టడమునకు అనుమతి దొరకినట్లు కాదు. తెలంగాణలో 2020 ఆగస్టులో అనుమతిలేని లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషనును ప్రభుత్వము నిలుపుచేసినది. అదే సంవత్సరము డిసెంబరులో, పూర్వము ఒకసారి రిజిస్టరయిన ప్లాట్లకు సడలింపు ఇచ్చినది. ముద్రపడిన కాగితములు చేతనుండియు అనుమతిలేనివారు ఎందరుండిరో ఆ నాలుగునెలల అలజడి లోకమునకు తెలిపినది. ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టును గూర్చియు ఒక మాట. ఆ భూమిపై రిజిస్టరయిన అమ్మకములు, తాకట్లు అందులో కనబడును. ఆ భూమిమీదుగా నూరడుగుల బాట రానున్నదన్న సంగతి అందులో ఉండదు.

ఆ సంగతి ఉండుచోటు మాస్టరు ప్లాను. పట్టణము రాబోవు ఇరువదియేండ్లలో ఎటు పెరుగవలెను, ఎచ్చట ఇండ్లుండవలెను, ఎచ్చట కర్మాగారములు, ఎచ్చట పొలములు పొలములుగనే మిగులవలెను, ఏ బాట ఎంత వెడల్పు కావలెను అనునది సర్వే నెంబర్లతో గూడ పటముపై గీసి, ప్రజల అభ్యంతరములు విని, ప్రభుత్వము ప్రకటించు శాసనమది. హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ 2008లో ఏర్పడినది. నగరము చుట్టునున్న విశాల ప్రాంతమునకు 2031 వరకు వర్తించు ప్లాను 2013లో ప్రకటింపబడినది. విజయవాడ ప్రాంతమునకు 2014లో రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థయు, విశాఖపట్టణమునకు 2018లో మహానగర ప్రాంతాభివృద్ధి సంస్థయు ఏర్పడినవి. ఇంకను అనేక పట్టణములకు వేరువేరు ప్లానులు కలవు. పటములలో రంగులుండును. ఆకుపచ్చ ఉన్నచో తోటలు, పచ్చిక అని మురిసిపోరాదు. ఆ రంగు క్రింద ఇల్లు నిషిద్ధము కావచ్చును. ఒక్కొక్క పటమునకు రంగుల అర్థము వేరు గనుక మూలనున్న సూచికను ముందుగా చదువవలెను.

నివాస జోను అనిన యెడల ఇల్లు కట్టవచ్చును, తక్కిన నియమములకు లోబడి. కన్సర్వేషను జోను అనిన యెడల అది సాగుకు, ప్రకృతిరక్షణకు విడిచిన నేల. అచ్చట ఇండ్ల లేఅవుటుకు తావు లేదు. ఈ భేదమును మరుగుపరచుటకు మధ్యవర్తులు వాడు మాట ఒకటి కలదు. నగరపు శివారున ఒక ఉపాధ్యాయుడు స్థలము చూడ పోయెననుకొందము. "ఇది పొలము గదా, ఇల్లు కట్టనిస్తరా?" అని అడుగును. "ఫికరు చెయ్యకుండ్రి సారూ, నాలా అయింది" అని జవాబు వచ్చును. ఆ జవాబు అబద్ధము కాకపోవచ్చును. తెలంగాణలో నాలా అని వాడుకలో అనునది 2006 నాటి చట్టము క్రింద జరుగు మార్పిడి. సాగుభూమిని సాగేతరమునకు మార్చుకొనుటకు రుసుము చెల్లించి పొందు అనుమతి అది, రెవిన్యూశాఖ ఇచ్చునది. మాస్టరు ప్లానులోని భూవినియోగమును మార్చుట అంతకంటె వేరైన పని. దానికి వేరు దరఖాస్తు, వేరు ప్రకటన, వేరు ప్రభుత్వ నిర్ణయము. మొదటిది జరిగినంత మాత్రమున రెండవది జరిగినట్లు కాదు. ఉపాధ్యాయుడు అడిగినది ఒకటి, మధ్యవర్తి చెప్పినది మరియొకటి. ఇద్దరును తృప్తిగా టీ త్రాగి విడిపోవుదురు.

గుంటలలెక్కన అమ్ము ఫారం ప్లాట్లును ఈ కోవలోనివే. గుంట యనగా 121 గజములు; నలువది గుంటలు ఒక ఎకరము. లేఅవుటు అనుమతి తీసికొనకయే ఎకరములను రెండుమూడు గుంటల తునకలుగా విడగొట్టి, వ్యవసాయ భూమిగనే రిజిస్టరు చేయింతురు. కొన్నవారికి పాసుపుస్తకము సైతము వచ్చును. వారము చివర పిల్లలతో పోయి నాలుగు మామిడిమొక్కలు నాటుటకు అది చాలును. ఇల్లు కట్టబోయినప్పుడు మాత్రము ఆ తునకకు బాట లేదని, అది ప్లాటు కాదని తెలియును.

ఇట్టి విషయములలో సిద్ధాంతము చెప్పుటకంటె ఒక నిజమైన కథ చెప్పుట మేలు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి వచ్చిన వరద హైదరాబాదు చరిత్రలో చెరగనిది. వేలమంది ప్రాణములు పోయినవి. మరల అట్టి విపత్తు రాకుండుటకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. నగరమునకు ఎగువన మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీవాగుపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. వరద ఆపుటకు కట్టిన ఆ రెండు జలాశయములే దశాబ్దములపాటు నగరమునకు త్రాగునీరిచ్చెను. నగరము వాటివైపునకు పెరుగ మొదలిడినప్పుడు, ఆ నీటిని కాపాడుటకై ప్రభుత్వము 1996 మార్చిలో 111వ నెంబరు ఉత్తరువును వెలువరించినది. జలాశయముల చుట్టు పదికిలోమీటర్ల మేర, ఎనుబదినాలుగు గ్రామములలో కాలుష్యము కలిగించు పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, పెద్ద కాలనీలు రాగూడదు. క్రొత్త లేఅవుటు వేసినచో వందకు 60 పాళ్ల నేలను బాటలకు, ఖాళీజాగాకు విడువవలెను. ఒక నూనె కర్మాగారమును గూర్చిన వివాదమున సుప్రీముకోర్టు సైతము 2000లో ఈ జలాశయముల రక్షణకే మొగ్గినది.

ఉత్తరువు రహస్యము కాదు. అయినను ఆ గ్రామములలో స్థలములు అమ్ముడుపోవుచునే ఉండెను. ఇతరచోట్లకంటె ధర తక్కువ. ధర ఏల తక్కువయో అడిగినవారికి దొరకు జవాబు ఒకటే. "రేపో మాపో ఎత్తివేయుదురు." ఆ రేపు ఎంతకాలమునకు వచ్చెను? తెలంగాణ ప్రభుత్వము 2022 ఏప్రిలులో 69వ నెంబరు ఉత్తరువుచే ఆ ఆంక్షలను తొలగించునట్లు ప్రకటించినది. నడుమ గడచినవి ఇరువదియారు సంవత్సరములు. ముప్పదినాలుగవ యేట స్థలము కొన్నవాడు అరువదవ యేట ఆ వార్త వినెను. వినిన పిదపనైన తీరినదా యన్నచో, ఆ ఉత్తరువు న్యాయస్థానముల యెదుటికి పోయినది. నగరమునకు నీరు ముఖ్యమా, ఆ గ్రామముల రైతులకు తమ నేలపై హక్కు ముఖ్యమా అను ప్రశ్న సులువైనది కాదు. రైతుల మొరలోను న్యాయము కలదు. దానిని ఇచ్చట తీర్చుట మా పని కాదు. ఎవని పక్షమున తీర్పు వచ్చినను, ఇల్లు కట్టుకొనవలెనను కోరికతో కొన్న గృహస్థు మాత్రము ఆ కాలమంతయు అద్దెయింటనే ఉండెను. నియమము మారగలదను ఆశతో కొనుట వ్యాపారికి చెల్లును. వానికి పది స్థలములుండును. ఒక్కటే స్థలము కొనగలవాడు నేడు అమలులోనున్న నియమమును బట్టియే కొనవలెను.

నీటి సంగతి ఎత్తుకొంటిమి గనుక చెరువులను గూర్చి ఇంకను కొంత చెప్పవలసియున్నది. మన ఉభయ రాష్ట్రములును చెరువుల దేశములు. చెరువు నిండుగా నిండినప్పుడు నీరు ఎచ్చటివరకు వచ్చునో ఆ గీతను ఎఫ్.టి.ఎల్. అందురు, పూర్తి నీటిమట్టమని అర్థము. ఆ గీతకు లోపల కట్టడము ఎన్నడును కూడదు. గీతకు వెలుపలను కొంతమేర విడువవలెను. దానికి బఫరు జోను అని పేరు. తెలంగాణలో 2012 నాటి, ఆంధ్రప్రదేశములో 2017 నాటి భవన నియమముల ప్రకారము పది హెక్టార్లు, అనగా సుమారు ఇరువదియైదు ఎకరములు, అంతకు మించిన చెరువునకు ఈ దూరము 30 మీటర్లు. అంతకు చిన్నదైనచో 9 మీటర్లు. కాలువగాని, వాగుగాని, మురుగునాలాగాని 10 మీటర్లకు మించి వెడల్పున్నచో దాని అంచునుండి 9 మీటర్లు, అంతకు లోపున్నచో 2 మీటర్లు. నదికి పట్టణములలో 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు.

ఇందులో మెలిక ఒకటి కలదు. ఎఫ్.టి.ఎల్. గీత లోపలనున్న నేలయంతయు ప్రభుత్వముదే అనుకొనరాదు. శిఖం భూములు కొన్ని ప్రభుత్వమువి, కొన్ని రైతుల పట్టావి. నీరు తగ్గిన కాలమున రైతు అందులో దున్ని పంట వేసికొనును. తరతరములుగా అతని పేరనే రికార్డు ఉండును. అట్టి నేలను అతడు అమ్మినయెడల దస్తావేజులో తప్పుండదు, లింకులలో తప్పుండదు, వకీలుగారు చూచినను తప్పు కనబడదు. హక్కు నిఖార్సయినదే. ఇల్లు మాత్రము కట్టగూడదు. మొదటి ప్రశ్నకు అవునని, రెండవ ప్రశ్నకు కాదని ఏకకాలమున జవాబు రాగలదని నమ్మనివారికి ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.

కాగితమును కాదన్నను నీటిని కాదనజాలము. 2020 అక్టోబరు నడుమ హైదరాబాదున కురిసిన కుంభవృష్టికి అప్పచెరువు, పల్లెచెరువు, గుర్రంచెరువు తెగినవి. జల్‌పల్లి పరిసరమున ఉస్మాన్‌నగరులోని ఇండ్లు వాన వెలిసిన పిదపను నెలల తరబడి నీటిలో నిలిచినవి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరునకు గండ్లు పడి, విజయవాడలో అజిత్‌సింగునగరు మొదలైన ప్రాంతములు మునిగినవి. మేడలపైనుండి జనులు పాలప్యాకెట్లకై చేతులు చాచిన దృశ్యములు ఎవరును మరచియుండరు. మునిగిన ప్రతి ఇల్లును నియమము మీరి కట్టినదని మా అభిప్రాయము కాదు. కొనువానికి వాగు పేరు తెలియవలెననియే మా మాట. అదే సంవత్సరము జూలైలో చెరువులను, ప్రభుత్వ ఆస్తులను కాపాడుటకై హైదరాబాదున హైడ్రా అను సంస్థ ఏర్పడి, చెరువుల పరిధిలోని కట్టడములను కూల్చ నారంభించినది. ఆ నవంబరులో సుప్రీముకోర్టు కూల్చివేతలను గూర్చి తీర్పు చెప్పుచు, ముందుగా పదునైదు దినముల నోటీసు ఇయ్యవలెనని ఆదేశించినది. అయితే బాటలు, నదులు, జలాశయములు మొదలైన చోట్ల అనుమతిలేక కట్టినవాటికి ఆ రక్షణ వర్తింపదని అందులోనే చెప్పినది.

చెరువు దూరముగనే ఉన్నది, జోను నివాసమే, ఐనను ఎంత ఇల్లు కట్టవచ్చుననుట మిగిలియున్నది. శ్రోతలు కాగితము, పెన్సిలు పుచ్చుకొన్నచో ఒక లెక్క వేయుదము. స్థలము ముప్పదియడుగుల వెడల్పు, అరువదియడుగుల లోతు. సరిగా రెండువందల గజములు. ముందర బాట ఇరువదియడుగులు. తెలంగాణ నియమములు నివాసగృహమునకు సాధారణముగా 9 మీటర్ల, అనగా ముప్పదియడుగుల బాట కోరును. కొదువపడిన పదియడుగులలో ఎదుటివారు అయిదు, మనము అయిదు విడువవలెను. అయిదడుగులు పోగా లోతు యాబదియైదు. గజములలో నూట ఎనుబదిమూడు. మనము డబ్బిచ్చినది మాత్రము రెండువందలకు. ఇక 2012 నియమముల పట్టిక ప్రకారము ఈ కొలతగల స్థలమున ముందర మీటరున్నర, తక్కిన మూడువైపుల మీటరు చొప్పున ఖాళీ విడువవలెను. వెడల్పున సుమారు ఇరువదిమూడున్నర అడుగులు, లోతున నలువదియేడడుగులకు కొంచెము తక్కువగా మిగులును. అనగా నేలపై కట్టుటకు దొరకునది దాదాపు 1,100 చదరపుటడుగులు. బాటకు నేల విడిచినవారికి ఖాళీస్థలపు కొలతలలో కొంత సడలింపు కలదు. దానిని అడిగి తెలిసికొనవలెను. ఈశాన్యమున బరువుండరాదని, నైరుతి పెరగరాదని వాస్తుపండితులను రప్పించి ఫలహారము పెట్టి అడుగు మనము, ఈ నాలుగువైపుల ఖాళీని గూర్చి ఒక లైసెన్సుగల ప్లానరును అరగంట అడుగుటకు వెనుదీయుచున్నాము. ఈశాన్యము చూడవద్దని మేమనుట లేదు. దానితోబాటు ఇదియు చూడవలెను.

లేఅవుటులో ప్లాటు కొనునప్పుడు "పంచాయతీ లేఅవుటు" అన్న మాట విని తలయూపరాదు. సర్పంచిగారి ముద్రయు, కార్యదర్శి సంతకమును ఉన్న పటములు శివారు గ్రామములలో ఎన్నియో తిరిగినవి. 2002 నాటి గ్రామపంచాయతీ నియమముల ప్రకారము లేఅవుటునకు పట్టణ, గ్రామీణ ప్రణాళికాశాఖవారి సాంకేతికామోదము ముందు రావలెను. పంచాయతీ ఆ పిదప అనుమతి ఇయ్యవలెను. అభివృద్ధి సంస్థల పరిధిలోనున్నచో ఆ సంస్థల అనుమతి ఉండవలెను. అనుమతి పొందిన ప్రతి లేఅవుటునకు ఒక ఎల్.పి. నెంబరు ఉండును. ఆ నెంబరును మధ్యవర్తి ఇచ్చిన రంగుల కాగితముమీదనుండి గాక, ఆఫీసువారి రికార్డునుండియో వారి వెబ్‌సైటునుండియో సరిచూడవలెను. బాటలు, కాలువలు పూర్తిచేయుదునని హామీగా లేఅవుటు యజమాని కొన్ని ప్లాట్లను, సాధారణముగా వందకు 15, ఆ సంస్థకు తాకట్టు పెట్టును. మనకు చూపుచున్న ప్లాటు ఆ తాకట్టులోనిదేమో చూడవలెను. విడుదల కాకమునుపు దానిని అమ్మరాదు. పటములో ఉద్యానవనమని గుర్తుపెట్టిన చోటు తరువాత ప్లాటుగా మారి అమ్ముడుపోయిన కథలును కలవు. 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుటు 2016 నాటి రెరా చట్టము క్రింద నమోదు కాకుండ అమ్మకమునకు పెట్టరాదు. రెరా నెంబరు అడుగుటకు మొగమాటమేల?

"ఎల్.ఆర్.ఎస్. కట్టుకొన్నచో సరిపోవును" అను ఓదార్పును వినబడుచుండును. అనుమతిలేని లేఅవుట్లను రుసుముపై క్రమబద్ధముచేయు పథకమది. 2020లో రెండు రాష్ట్రములును అట్టి పథకములను ప్రకటించినవి. బాటలు, ఉద్యానములు విడువని లేఅవుటులో ఖాళీజాగా నిమిత్తము ప్లాటు విలువలో వందకు 14 వంతున అదనముగా చెల్లింపవలసియుండెను. దరఖాస్తులు లక్షలుగా వచ్చి సంవత్సరముల తరబడి నిలిచినవి. చెరువు గర్భమునగాని, ప్రభుత్వభూమిలోగాని ఉన్న ప్లాటునకు అట్టి పథకములు ఎన్నడును వర్తింపలేదు. రాబోవు క్షమాభిక్షను నమ్మి కొనుట కూడ ఆ 'రేపో మాపో' జాతిలోనిదే.

ఇంకొక మార్పును శ్రోతలు గమనింపవలెను. పూర్వము ఇల్లు కట్టుటకు ప్లాను పెట్టినచో మునిసిపాలిటీవారు నెలల కొలది త్రిప్పుదురని అందరును విసుగుకొనెడివారు. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టము ఆ బాధను చాలవరకు తీర్చినది. డెబ్బదియైదు గజముల లోపు స్థలమున చిన్న ఇంటికి నమోదు చాలును. ఆరువందల గజముల వరకు, పదిమీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని స్వయముగా ఇచ్చు ధ్రువీకరణపై వెంటనే అనుమతి. సౌకర్యము మెచ్చదగినదే. కాని స్వయముగా ధ్రువీకరించుట యనగా ఏమి? ఈ నేల చెరువులో లేదు, బాటలో లేదు, నిషేధపు జాబితాలో లేదని చెప్పువారు మనమే. అది అబద్ధమని తేలినచో నోటీసు లేకయే కట్టడమును తొలగించు అధికారము ఆ చట్టముననే కలదు. పూర్వము ఆఫీసువారు తప్పుపట్టి ఆపెడివారు. ఆ ఆపుట మనకు కోపము తెప్పించినను కొంత కాపుదలయును. ఇప్పుడు ఆ విచారణ భారము కొనువాని నెత్తిన పడినది.

రైలుమార్గము ప్రక్కనున్నచో రైల్వేవారి అభ్యంతరము లేదను పత్రము, విమానాశ్రయము చేరువనున్నచో ఎత్తునకు సంబంధించిన అనుమతి, నెత్తిమీదుగా పోవు పెద్ద కరెంటుతీగలనుండి విడువవలసిన దూరము, ఇవియు కలవు. పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూముల అమ్మకమును 1977 నాటి చట్టము నిషేధించినది. తరువాతి సవరణలు కొన్ని మినహాయింపులు కల్పించినను, అట్టి భూమి జోలికి పోకుండుట ఉత్తమము. వీనిలో ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రసంగమునకు సరిపడు విషయము.

ఇక అడుగు విధానము. సర్వే నెంబరు, గ్రామము, మండలము పేర్లు తీసికొని అభివృద్ధి సంస్థలోగాని మునిసిపాలిటీ పట్టణ ప్రణాళికా విభాగములోగాని ఆ నెంబరు ఏ జోనులోనున్నదో తెలుపు భూవినియోగ ధ్రువపత్రమునకు రుసుము కట్టి దరఖాస్తు పెట్టవలెను. నోటిమాట చాలదు. చెరువు సమీపముననున్నచో ఎఫ్.టి.ఎల్. పటమును చూడవలెను, అది ప్రాథమిక ప్రకటనయో తుది ప్రకటనయో గమనింపవలెను, ప్రాథమికమైనచో గీత జరుగవచ్చును. ఏ ఆఫీసు జవాబు చెప్పనిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము కలదు. పదిరూపాయల రుసుముతో అడిగినచో ముప్పది దినములలో వ్రాతమూలకముగా జవాబు చెప్పవలెను. లైసెన్సుగల సర్వేయరును వెంటబెట్టుకొని పోయి, పటములోని హద్దును నేలమీద గుర్తింపించుకొనవలెను. పటములో ఒకటి, రాళ్లు పాతినచోటు మరియొకటి అగుట శివారు భూములలో తరచు జరుగునదే.

అంతవరకు ఇతరులు కొనిపోవుదురేమో అను భయము ఉండును. మధ్యవర్తులు బ్రతుకునది ఆ భయముమీదనే. తప్పనిసరియై బయానా ఇయ్యవలసినచో, జోను పత్రము, లేఅవుటు అనుమతి సరిగా లేవని తేలిన యెడల బయానా సొమ్ము పూర్తిగా తిరిగి ఇయ్యవలెనను షరతును ఒప్పందములో వ్రాయించుకొనవలెను. ఆ షరతు వ్రాయుటకు ఒప్పుకొనని అమ్మకందారు మనము అడుగకయే మనకు జవాబు చెప్పినవాడగుచున్నాడు.

మన యిండ్లలో ఆషాఢమున బయానా ఇయ్యరు, శ్రావణము రావలెనందురు. ఈ ఆచారము ఎట్లు పుట్టినను, స్థలము కొనువారికి మిక్కిలి అనుకూలమైనది. ఆ నెల పత్రములకు దరఖాస్తు పెట్టుటకు చాలును. మంచి వాన కురిసిన మరునాడు ఉదయము ఒకసారి పోయి స్థలమును చూడవలెను. నీరు ఎటునుండి వచ్చి ఎటు పోవుచున్నదో, ఎచ్చట నిలిచినదో, చుట్టుప్రక్కల పాత యిండ్ల గోడలపై చెమ్మగీత ఎంత ఎత్తున ఉన్నదో చూడవలెను. దగ్గర పశువులు కాయు ముసలివాడు ఎవరైన కనబడినచో, "తాతా, ఈ జాగను ఏమని పిలుస్తరు?" అని అడుగవలెను. చెరువుకొమ్మనియో, కుంటవెనుక అనియో, వాగుమలుపు అనియో అతడు చెప్పినచో, ఆ మాటను కాగితముమీద వ్రాసికొని, మరునాడు ప్రణాళికాధికారి ఆఫీసులో పటము ముందర నిలిచినప్పుడు జేబులోనుండి తీయవలెను.